చేతికి మట్టి అంటని సైన్సు

నేను సైన్సు పంతుల్ని కాను. తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. చదివి, పదేళ్లకు పైగా కాలేజీ కుర్రకారుకు ఛందస్సూ, వ్యాకరణమూ చెప్పుకుంటున్న వాణ్ణి. ప్రయోగశాలల సంగతి నీకెందుకని పాఠకులు అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని ఈ మధ్య హన్మకొండలో నలుగురు ఉపాధ్యాయ మిత్రులం కూచుని మాట్లాడుకుంటూండగా రెండు మాటలు నా చెవిన పడ్డాయి. అవి విన్నాక ఊరుకోబుద్ధి కాలేదు.

హైస్కూలు పిల్లల్ని వేసవి సెలవుల్లో నిజమైన పరిశోధన సంస్థల్లోకి తీసుకుపోయి, వాళ్ల చేతులతో పని చేయించాలనే విషయం మీద చర్చ నడుస్తున్నది. ఇప్పటి భాషలో దీన్నే ఇంటర్న్‌షిప్ అంటున్నారు. ఒక మిత్రుడు నవ్వేశాడు. "ఎక్కాలు సరిగా రానివాళ్లకు పరిశోధన ఏమిటండీ? ముందు ఉన్నది నేర్చుకోనివ్వండి. కొత్తది తరవాత చూసుకోవచ్చు" అన్నాడు. రెండో మిత్రుడు కొంత ఉదారుడు. "అందరికీ ఎందుకు? తెలివైనవాళ్లను ఏరి పెద్ద సంస్థలకు పంపిద్దాం. దేశానికి నలుగురు శాస్త్రజ్ఞులు తయారవుతారు" అన్నాడు. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నాకు మాత్రం ఇద్దరూ ఒకే మాట చెబుతున్నట్టు తోచింది. ప్రశ్న వేయడమూ, దాన్ని చేత్తో పరీక్షించి చూడడమూ మామూలు పిల్లల పని కాదన్నదే ఆ మాట. ఇది తప్పు. అంతేగాక, మన సమాజంలో ఎంతోకాలంగా పాతుకుపోయిన ఒక అన్యాయానికి ఇది కొత్త ముసుగని నా వాదం.

ముందు ఉన్న ఏర్పాట్లను ఉన్నట్టు చూద్దాం. ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం సత్యదూరం. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2008లో ఇన్‌స్పైర్ పథకం పెట్టింది. అందులో పదకొండో తరగతి సైన్సు విద్యార్థులకు అయిదు రోజుల శిబిరాలున్నాయి. వాటికి ఇంటర్న్‌షిప్ అనే పేరు. 2016లో అటల్ టింకరింగ్ లాబులు మొదలయ్యాయి. ఒక్కొక్క బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు. ప్రభుత్వ బడుల్లో అయిదేళ్లలో మరో 50,000 పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. 2017లో శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి, అంటే సి.ఎస్.ఐ.ఆర్., తన 38 ప్రయోగశాలలను 1,151 కేంద్రీయ విద్యాలయాలతో కలుపుతూ జిజ్ఞాస కార్యక్రమం ప్రారంభించింది. 2019లో ఇస్రో యువిక వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలు రెండు వారాలు ఇస్రో కేంద్రాల్లో ఉండి నేర్చుకుంటారు, ఖర్చంతా ఇస్రోదే. పల్లె బడుల్లో చదివేవారికి ప్రత్యేకంగా కొన్ని మార్కులు కలుపుతారు కూడా. ఇవన్నీ మంచివే. వీటిని రూపొందించినవారి సదుద్దేశాన్ని నేను శంకించడం లేదు.

అయితే వీటి గుమ్మంలో కూచున్న కాపలాదారు ఎవరో చూడండి. ఇన్‌స్పైర్ శిబిరానికి అర్హులు పదో తరగతి పరీక్షలో నూటికి ఒకరుగా పైన నిలిచినవాళ్లు. యువిక ఎంపికలో 2022లో సగం తూకం ఎనిమిదో తరగతి మార్కులదే. మొదటి ఏడాది రాష్ట్రానికి ముగ్గురిని తీసుకున్నారు. మన తెలంగాణలో ఏటా పదో తరగతి పరీక్ష రాసేవాళ్లు దాదాపు 5 లక్షలు. ఈ లెక్కలు పక్కపక్కన పెట్టుకుంటే ఇంటర్న్‌షిప్ చదువులో భాగం కాదనీ, చదువులో నెగ్గినవాళ్లకు ఇచ్చే బహుమానమనీ తేలుతుంది. ఎవరికైతే పుస్తకం సులభంగా వంటబట్టిందో వాళ్లకే పరికరం కూడా దొరుకుతుంది. పుస్తకం వంటబట్టని పిల్ల ఒకవేళ పరికరం పట్టుకుంటే ఏం చేసి ఉండేదో తెలుసుకునే మార్గమే లేదు.

ఇక బజారు సంగతి. పై గుమ్మంలో మార్కుల కాపలా ఉంటే, ఈ గుమ్మంలో డబ్బు కాపలా. విదేశీ యూనివర్శిటీల్లో సీటు కోసం హైస్కూలు పిల్లలకు "పరిశోధన పత్రాలు" తయారుచేయించే వ్యాపారం ఒకటి పుట్టింది. వేల డాలర్లు తీసుకుని, పిల్లవాడి పేరు మీద వ్యాసం అచ్చయ్యేదాకా వెన్నంటి ఉండే కంపెనీల గురించి 2023లో ప్రోపబ్లికా అనే అమెరికన్ వార్తాసంస్థ వివరంగా రాసింది. అదే అమెరికాలో 1984 నుంచి రిసర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే వేసవి కార్యక్రమం పిల్లల దగ్గర ఫీజు తీసుకోకుండా నడుస్తున్నదనే సంగతీ చెప్పాలి. కాని బజారు నేర్చుకునేది దాన్ని చూసి కాదు. మన హైదరాబాదులోనూ డబ్బున్న తల్లిదండ్రులు ఈ సరుకు కోసం చెయ్యి చాస్తున్నారు. ఇక ముందు పరిశోధన కూడా పెళ్లి పత్రికలాగా అచ్చువేయించి పంచుకునే వస్తువవుతుంది కాబోలు.

ఇప్పుడు మొదటి మిత్రుడి వాదానికి వస్తాను. ముందు నేర్చుకుని తరవాత పరిశోధించాలట. సి.వి. రామన్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో విద్యార్థిగా ఉండగానే, 18 ఏళ్ల వయసులో, 1906లో, ఆయన మొదటి పరిశోధన వ్యాసం లండన్ ఫిలసాఫికల్ మాగజీన్‌లో అచ్చయింది. ఈ కథ అందరికీ తెలుసు. అందరూ దీన్ని ప్రతిభకు ఉదాహరణగా చెబుతారు. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేవాడు మరొకాయన ఉన్నాడు. కలకత్తాలో రామన్ పనిచేసిన సంస్థలో అశుతోష్ దే అనే సహాయకుడు ఉండేవాడు. అశుబాబు అనేవారు. ఆయన కాలేజీ మెట్లెక్కినవాడు కాదు. పరికరాలు సర్ది, బిగించి, రామన్ పక్కన నిలబడి ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. 1919లో ఆయన తన పేరు మీదనే రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో వ్యాసం ప్రకటించాడు. రామన్ దానికి ముందుమాట రాశాడు. మన మిత్రుడి లెక్కన అశుబాబుకు ఆ గదిలోకి ప్రవేశమే ఉండకూడదు. చేత్తో చేస్తూ నేర్చుకోవడం అనేది నేర్చుకోవడంలో తక్కువ రకం అని మనకు ఎవరు చెప్పారు?

పెద్దవాళ్ల ఉదాహరణలు పక్కన పెట్టి, నేను కళ్లారా చూసినది చెబుతాను.

మా ఊరు నర్సంపేట దాపున ఉంటుంది. పత్తి ఊరు. నాకు వరసకు అన్న అయ్యే ఒక రైతు కూతురు అక్కడి ప్రభుత్వ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివేది. ఆ ఏడాది వ్యవసాయ శాఖ వాళ్లు వాళ్ల నాన్నకు రెండు లింగాకర్షక బుట్టలు ఇచ్చారు. ఆడ పురుగు వాసనను పోలిన ఎర పెడితే గులాబీ రంగు పురుగు తాలూకు మగ రెక్కల పురుగులు వచ్చి అందులో పడతాయి. బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు పడితే మందు కొట్టవలసిన దశ వచ్చిందని శాస్త్రజ్ఞుల లెక్క. ఎందుకు చెప్పారో తెలియదు గాని, వాళ్ల సైన్సు సారు "రోజూ లెక్కపెట్టి రాయి" అన్నాడట. పూత మొదలైన నాటి నుంచి ఆ పిల్ల రోజూ పొద్దున బడికి పోయేముందు చేలోకి పోయి, రెండు బుట్టలూ విప్పి లెక్కపెట్టి, లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో రాసింది.

పది రోజులు తిరగకముందే ఆమెకు ఒక తేడా కనిపించింది. ఒక బుట్టలో ఎప్పుడూ ఎక్కువ పడుతున్నాయి. ఆ బుట్ట ఉన్న గట్టు పక్కనే నిరుడు పీకిన పత్తికట్టె కుప్ప ఉంది, పొయ్యిలోకి దాచుకున్నది. కుప్ప వల్ల అనుకుందా? వెంటనే అనుకోలేదు. "బుట్టల ఎర మంచిదేమో" అని అనుమానించింది. నేను ఆదివారం ఊరికి పోయినప్పుడు ఆ నోటుబుక్కు చూపించింది. ఎట్లా తేలుతుంది మరి అని నేను అడిగితే, నా తెలివితక్కువతనానికి జాలిపడ్డట్టు చూసి, "రెండిటి జాగలు మారిస్తే తెలుస్తది గద, చిన్నబాపూ!" అన్నది.

మార్చింది. మారిన తరవాత కూడా కుప్ప పక్కనున్న బుట్టలోనే ఎక్కువ పడ్డాయి.

పత్తికట్టెలో మిగిలిన ఎండు కాయల్లో ఈ పురుగు దాగి మరుసటి పంటకు ఎక్కుతుందని వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఎప్పుడో చెప్పారు. అంచేత ఆ పిల్ల కొత్త సత్యమేదీ కనిపెట్టలేదు. ఆ సంగతి నాకు తెలుసు. కాని ఒక తేడాను గమనించి, దానికి రెండు కారణాలు ఊహించి, ఒకదాన్ని కొట్టివేయడానికి ఒకే ఒక్క మార్పు చేసి చూడడం కంటె పరిశోధన అంటే మరేమిటో చెప్పమని సైన్సు మిత్రులను అడుగుతున్నాను. పైగా ఆమె పని అక్కడ ఆగలేదు. కుప్ప తగలబెట్టమని తండ్రిని అడిగింది. "కట్టె కాలబెడితే పొయిల ఏం బెట్టాలె బిడ్డా?" అన్నాడాయన. ఈ ప్రశ్నకు ఏ వ్యవసాయ కరపత్రంలోనూ నేను జవాబు చూడలేదు. ఇంట్లో గ్యాసు బండ ఉన్నా, నిండుగా ఉండే నెలలు తక్కువ. నోటుబుక్కులో చివరి వాక్యం ఇది: "వచ్చే ఏడు కుప్ప ఊరి పక్కకు జరిపి మళ్లీ లెక్కపెట్టాలి."

ఆ నోటుబుక్కు పట్టుకుని ఆమె ఒక సైన్సు ప్రదర్శనకు వెళ్లింది. ఏ ఊళ్లోనో, ఎవరు నడిపారో చెప్పను. అక్కడ న్యాయనిర్ణేత మొట్టమొదట అడిగిన మాట, "మోడల్ ఏదమ్మా?" పక్క బల్ల మీద థర్మోకోల్ అగ్నిపర్వతం పొగలు కక్కుతున్నది. బహుమతి దానికే వచ్చింది.

మరుసటి ఏడు ఆమె పదో తరగతి. తెల్లవారకముందు ప్రత్యేక తరగతులు, చీకటిపడ్డాక స్టడీ అవర్లు. చేలోకి పోవడానికి పొద్దు లేదు. "ఈ ఒక్క ఏడూ బుట్టల జోలికి పోకమ్మా, మార్కులు ముఖ్యం" అని సలహా ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఉన్నాను అనడం కూడా తప్పించుకోవడమే. ఆమె తండ్రి నన్నే అడిగాడు, నేనే చెప్పాను. మార్కులు బాగానే వచ్చాయి గాని, నూటికి ఒకరిలో ఆమె లేదు. అంచేత ఏ శిబిరం నుంచీ పిలుపు రాలేదు. ఇప్పుడు ఆమె ఒక హాస్టలు కాలేజీలో ఇంటరు చదువుతున్నది. పగలూ రాత్రీ ప్రశ్నలకు జవాబులు గుర్తుపెడుతున్నది. తాను వేసిన ప్రశ్న ఒక్కటీ అందులో లేదు.

ఇంటరు ప్రాక్టికల్సు ఎట్లా జరుగుతాయో మనందరికీ తెలిసిన రహస్యమే. నేను ఇదివరలో పనిచేసిన ఒక కాలేజీలో ఫిజిక్సు లాబు తాళం ఏడాదికి ఒకసారి, పరీక్షల ముందు తీసేవారు. వెర్నియర్ కాలిపర్సుకు పట్టిన తుప్పును అటెండరు కిరసనాయిలు గుడ్డతో తుడిచేవాడు. రికార్డులు సీనియర్లవి చూసి దింపేవారు. సబ్జెక్టుకు 30 మార్కుల్లో 28కి తగ్గితే పిల్లలు ఏడ్చేవారు. ఆ కాలేజీ స్టాఫ్ రూములో కూచుని మేమంతా శాస్త్రీయ దృక్పథం గురించి గంటల తరబడి మాట్లాడుకునేవాళ్లం. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ఒకటని విద్యార్థులకు ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. పది అడుగుల దూరంలో తుప్పుపట్టిన తాళం మాకెవరికీ కనిపించలేదు.

ఎందుకు కనిపించలేదు? దీనికి జవాబు సైన్సులో లేదు, సమాజంలో ఉంది. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో హిందూ రసాయనశాస్త్ర చరిత్ర రాస్తూ ఈ సంగతి తేల్చిచెప్పాడు. కులవ్యవస్థ ఆలోచించేవాణ్ణి చేతిపని నుంచీ, చేతిపని చేసేవాణ్ణి చదువు నుంచీ విడదీసింది. ఈ దేశంలో ప్రయోగ విజ్ఞానం ఎండిపోవడానికి అది ముఖ్య కారణమని ఆయన వాదం. లోహం కరిగించేవాడికి అక్షరం లేదు. అక్షరం ఉన్నవాడికి లోహం అంటరానిది. ఆ గోడ ఇప్పుడు కూలిందని మనం అనుకుంటున్నాం. కాని మనం పిల్లవాణ్ణి మెచ్చుకునేటప్పుడు "చేత్తో పనిచేస్తున్నాడు" అని మెచ్చుకుంటామా? "కాలు కింద పెట్టకుండా చదువుతున్నాడు" అని మెచ్చుకుంటాం. ప్రయోగశాల అంటే మన మనసుల్లో అటెండరు పని. ఐ.ఐ.టి. సీటుకు అది అడ్డం.

రామప్ప గుడి దగ్గరకు పోయినవాళ్లందరూ నీళ్లమీద తేలే ఇటుకల కథ విని వస్తారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ కథ మరీ పెరిగింది. పూర్వీకుల గొప్పతనం గురించి చప్పట్లు కొట్టించడానికి అది బాగా పనికివస్తుంది. అదే పిల్లల చేత మట్టిలో ఊక వేరువేరు పాళ్లలో కలిపించి, ఇటుకలు కాల్పించి, తూచి, నీళ్లలో ముంచి, ఏ పాలు దగ్గర తేలుతుందో, ఎంత బరువుకు విరుగుతుందో చూపిస్తే? ఊరి కుమ్మరి ఆ వేళ పంతులవుతాడు. ఆనాడు ఇటుక కాల్చినవాడి మీద నిజమైన గౌరవం అప్పుడు పుడుతుంది.

ఇదంతా ఊహాగానమని కొట్టిపారేయడానికి వీల్లేదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 ప్రభుత్వ బడుల్లో ఒక పని మొదలయింది. పల్లె పిల్లలు మాధ్యమిక తరగతుల్లో సైన్సును హిందీలో, ప్రయోగాలు చేస్తూ, పొలాల్లో తిరుగుతూ నేర్చుకున్నారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. ప్రయోగ పరీక్ష వేరే ఉండేది. యూనివర్శిటీ శాస్త్రజ్ఞులు వచ్చి బడిపంతుళ్లతో కలిసి కూచునేవారు. అది దాదాపు వెయ్యి బడులకు పాకింది. 30 ఏళ్లు నడిచింది. 2002లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపివేసింది. ఎక్కాలు రానివాళ్లకు పరిశోధన ఏమిటి అన్న మిత్రుడికి నా జవాబు హోషంగాబాద్. 1993 నుంచి జరిగిన బాలల సైన్సు కాంగ్రెస్‌లు కూడా 10 నుంచి 17 ఏళ్ల పిల్లల చేత తమ ఊరి సమస్య మీద, తమ భాషలో పని చేయించాలనే ఆశయంతోనే పుట్టాయి.

భాష మాట వచ్చింది గనక తెలుగు పంతులుగా ఒక ముక్క. 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి పెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారి తరానికి తెలుగులో సైన్సు చెప్పడం దేశసేవ. 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. పేదవాడికి ఇంగ్లీషు అక్కర్లేదని నేననను. ఆ మాట అనే హక్కు తమ పిల్లల్ని ఇంగ్లీషులో చదివించుకున్నవాళ్లకు అసలే లేదు. కాని "జాగలు మారిస్తే తెలుస్తది" అన్న వాక్యం ఆ పిల్లకు ఏ భాషలో తట్టిందో మరిచిపోవద్దు. నివేదిక ఇంగ్లీషులో లేదని తిప్పి పంపేవాళ్లు భాషను పరీక్షిస్తున్నారే గాని బుద్ధిని కాదు.

ఇంతకూ ఏం చేయాలి? వరంగల్లుకు సంస్థల కరువు లేదు. 1959 అక్టోబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ 2002లో జాతీయ సాంకేతిక సంస్థ అయింది. 1976 నుంచి కాకతీయ యూనివర్శిటీ ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. వీటిలో ప్రతి వేసవిలో కనీసం నెల రోజులు ప్రభుత్వ బడి పిల్లలకు స్థానం ఉండాలి. ఒక రోజు బస్సులో తెచ్చి, అద్దాల వెనక నుంచి చూపించి, సమోసా పెట్టి పంపడం చాలదు. ఎంపిక మార్కుల మీద వద్దు. తాను గమనించిన దేన్నయినా గురించి తెలుగులోనో, ఉర్దూలోనో, వచ్చిన భాషలోనో ఒక పేజీ రాసిన ప్రతివారూ అర్హులే. సంఖ్య మించితే చీట్లు తీయండి. ప్రతి పిల్లకూ దినభత్యం ఇవ్వాలి. ఎండాకాలం మొదట్లో మిరప తోటల్లో కాయలు ఏరడానికి పోయే పిల్లలు మన బడుల్లో ఉన్నారు. కూలి పోగొట్టుకుని సైన్సు నేర్చుకోమనడం క్రూరత్వం. పిల్లతోపాటు ఆమె సైన్సు టీచరు కూడా రావాలి, లేకపోతే నెల గడిచాక ఆ పని అనాథ అవుతుంది. పరికరాలు పగులుతాయంటారా? పగులుతాయి. పగిలేవాటి ఖర్చు బడ్జెట్‌లో రాసుకోండి. తాళం కింద తుప్పుపట్టి పోయేవాటి ఖర్చు ఇప్పుడు ఎవరు రాస్తున్నారు?

ఇది వేసవి కాలక్షేపం కాదు. 1997-98లో ఈ జిల్లాలో పత్తి పురుగు ఏ మందుకూ లొంగక, అప్పుల్లో మునిగి, వందలాది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. చాలామంది తాగింది ఆ పురుగుమందే. ఆ చావులకు కారణాలు అనేకం. విత్తనం, వడ్డీ, ధర, ప్రభుత్వం, అన్నీ ఉన్నాయి. కాని చేలో ఏ పురుగుందో, ఎంత ఉందో, మందు కొట్టాలో వద్దో తేల్చుకునే శక్తి రైతు ఇంట్లో లేకపోతే ఆ నిర్ణయం మందుల దుకాణం చేస్తుంది. ఆ తరవాత ఇదే ప్రాంతంలో ఏనెబావి అనే చిన్న ఊరు పురుగులను గమనించి, మందులు మానుకుని, 2006లో రసాయనాలు లేని గ్రామంగా ప్రకటించుకుంది. లెక్కపెట్టడం నేర్చిన ఇంటిని మోసం చేయడం కష్టం. పదిహేనేళ్ల పిల్ల చేతిలో నోటుబుక్కు ఉండడం అంటే నాకు అర్థమయినది ఇదే.

అందరికీ కాదు, తెలివైనవాళ్లకే అన్న రెండో మిత్రుడికి చివరి మాట. తెలివి ఎవరిదో ముందే తెలిస్తే ప్రయోగమే అక్కర్లేదు. తెలుసుకోవడానికే గదా ప్రయోగం.

ఆ నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గర ఉంది. హాస్టలుకు పోతూ, "ఆడ పెట్టుకుంటే పారేస్తరు" అని నాకిచ్చింది. పత్తికట్టె కుప్ప ఇంకా ఆ గట్టు పక్కనే ఉంది. ఈసారి సెలవులకు ఆమె వచ్చేసరికి రెండు బుట్టలు తెప్పించి ఉంచుతానని మాట ఇచ్చాను. నేను చేయగలిగింది అంతే. తక్కినది చేయవలసినవాళ్లు పెద్ద గేట్ల లోపల ఉన్నారు. ఆ గేట్లు తట్టవలసినవాళ్లం మనం. ఇంతకాలం తట్టలేదు.